బెల్లం మనది, తవుడు మనది... కొలత ఎవరిది?

రొయ్య రైతు గురించి ఎవరు రాసినా ఈమధ్య అమెరికా సుంకం దగ్గర మొదలెట్టి, అక్కడే ఆపేస్తన్నారు. దాన్ని నేను కాదనను. 2025 ఆగస్టు 27 నుంచి 50 శాతం సుంకం అనగానే చెరువు గట్టు మీద రేటు ఎలా జారిందో మనందరం చూశాం. 2024-25లో దేశం నుంచి ఎగుమతైన సముద్ర ఉత్పత్తుల విలువ 62,408 కోట్ల రూపాయలు. అందులో ఐస్ కట్టిన రొయ్య ఒక్కటే 43,334 కోట్లు. దేశం పండించే రొయ్యలో సగానికి పైన మన ఆంధ్రాదే. కాబట్టి వాషింగ్టన్‌లో ఎవుడు తుమ్మినా ఇక్కడ మనకి జలుబు చేస్తాది.

కానీ ఒక మాట అడుగుతాను. వాషింగ్టన్ రేటు మన చేతిలో లేదు సరే, మన ఖర్చు మన చేతిలో ఉందేటి? రొయ్య పంట పెట్టుబడిలో సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ మేతకే పోతాది. దాని పక్కనే ఇంకో ఖర్చు ఉంటాది. మేతకి కలిపేవి, నీళ్లలో పోసేవి, 'గట్ హెల్త్' అనీ 'ఇమ్యూనిటీ' అనీ 'లివర్ టానిక్' అనీ పేర్లున్న డబ్బాలు. వాటిమీద ఈమధ్య ఆకుపచ్చ రంగు బాగా పెరిగింది. వెల్లుల్లి బొమ్మ, పసుపు కొమ్ము బొమ్మ, వేపాకు బొమ్మ, కింద 'హెర్బల్' అని పెద్ద అక్షరాలు.

ఆ డబ్బాలో ఉన్న సరుకులో చాలా భాగం మన పెరట్లోదే, మన మిల్లులోదే, మన ఏజెన్సీ సంతలోదే. ఇక్కడినుంచి చెత్త రేటుకి పోయి, బొమ్మేసుకుని మందు రేటుకి తిరిగొస్తాది. మధ్యలో దానికి కలిసిందేటి? కొలత కలిసింటే ఫర్వాలేదు, ఆ డబ్బులు ఇవ్వొచ్చు. కొలత కూడా కలవకపోతే మనం కొంటన్నది బొమ్మ.

నేను ఈ వ్యాసంలో చెప్పదల్చుకున్నది ఒకటే. మొక్కల నుంచి మిగిలిపోయే సరుకు రొయ్యకి మేలు చెయ్యగలదు. ఆ సరుకు అనకాపల్లి జిల్లా చుట్టూ పుష్కలంగా ఉంది. కానీ ఎంత వెయ్యాల, ఎప్పుడు వెయ్యాల, వేస్తే నిజంగా ఎంత లాభం అనేది ఎవరూ కొలిచి చెప్పకపోతే ఆ సరుకు వట్టి నమ్మకంగానే మిగిలిపోతాది. నమ్మకం మీద నడిచే వ్యాపారంలో అమ్మినోడే బాగుపడతాడు.

ఇప్ప చెక్క ఎప్పుడో నేర్పిన పాఠం

మొక్కల సరుకు రొయ్యల చెరువుకి కొత్తేం కాదు. పాడేరు వైపు ఇప్ప గింజల నుంచి నూనె తీసేశాక మిగిలే చెక్క ఉంటాది కదా, దాన్ని చెరువు తయారీలో ఎన్నో ఏళ్లుగా వాడతన్నారు. అందులో సాపోనిన్ అనే పదార్థం ఉంటాది. అది నీళ్లలో కలిస్తే చేప ఒంట్లోని ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, చేప చచ్చిపోతాది. రొయ్యకి ఎర్ర రక్తకణాలే లేవు. దాని రక్తంలో ఇనుముకి బదులు రాగితో ప్రాణవాయువుని మోసే పదార్థం ఉంటాది. అందుకే ఇదే జాతి విషమున్న టీ గింజల పిండిని కొలతగా వేస్తే, రొయ్య పిల్లల్ని తినేసే చేపలు పోతాయి, రొయ్య మిగులుతాది.

ఇందులో గమనించాల్సింది ఏటంటే, ఈ పని చాదస్తంగా నడవలేదు. లీటరు నీటికి 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇప్ప చెక్క అని లెక్క ఉంది. ఎకరం చెరువులో మీటరు లోతు నీళ్లుంటే దగ్గర దగ్గర 4,000 ఘనమీటర్లు. అంటే 800 నుంచి 1,000 కిలోల చెక్క. వేశాక విషం విరగడానికి రెండు మూడు వారాలు ఆగాలని కూడా లెక్క ఉంది. తర్వాత అదే చెక్క కుళ్లి చెరువుకి ఎరువవుతాది.

అంటే ఒక గిరిజన సంత సరుకు చెరువులో సరైన పని చేసిందంటే మూడు కారణాలు. అందులో పనిచేసే పదార్థం ఏదో తెలుసు. మోతాదు తెలుసు. ఎన్నాళ్లు ఆగాలో తెలుసు. ఈ మూడూ ఇప్పుడు మార్కెట్లో ఉన్న ఆకుపచ్చ డబ్బాలకి అడిగి చూడండి. పనిచేసే పదార్థం పేరు 'మొక్కల సారం' అని ఉంటాది. ఏ మొక్క, ఎంత శాతం అన్నది ఉండదు. మోతాదు మాత్రం 'కిలో మేతకి ఇన్ని గ్రాములు, లేదా టెక్నీషియన్ సలహా ప్రకారం' అని ఉంటాది. ఆ టెక్నీషియన్ జీతం ఎవరిస్తన్నారన్నది మరి మీకు నేను చెప్పక్కర్లేదు.

బెల్లం లెక్క ఒకసారి వేసి చూద్దాం

మన ఊరి పేరుతో దేశమంతా తెలిసిన సరుకు బెల్లం. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. కానీ చెరకు వేసే రైతు తగ్గిపోతన్నాడు. తుమ్మపాల ఫ్యాక్టరీ మూతపడింది, ఏటికొప్పాక మూతపడింది, తాండవ మూతపడింది. గోవాడ ఎన్నాళ్లుగానో ఈదుకొస్తంది. చెరకు తీసేసి సరుగుడు వేసిన పొలాలు జిల్లాలో ఎన్నో చూస్తన్నాం. కాబట్టి బెల్లానికి ఇంకో కొనుగోలుదారు దొరికితే అది చిన్న విషయం కాదు.

ఆ కొనుగోలుదారు ఇప్పటికే ఉన్నాడు, రొయ్యల రైతు. డ్రమ్ములో బెల్లమో, మొలాసిసో వేసి, తవుడు కలిపి, ఈస్టు, ప్రోబయాటిక్ ప్యాకెట్టు వేసి, ఒకటి రెండు రోజులు పులియబెట్టి 'జ్యూస్' అని చెరువులో పోస్తారు. నెల్లూరు నుంచి ఇచ్ఛాపురం దాకా ఈ అలవాటు ఉంది. ఎందుకు పోస్తన్నారని అడిగితే 'నీళ్లు బాగుంటాయి' అంటారు. అది నిజమే. కానీ ఎందుకు బాగుంటాయో తెలిస్తేగానీ ఎంత పొయ్యాలో తెలీదు.

రొయ్య తిన్న మేతలో ప్రోటీన్ అంతా దాని ఒంటికి పట్టదు. చాలా భాగం నీళ్లలోకి, అడుగు బురదలోకి పోయి అమ్మోనియా అవుతాది. అమ్మోనియా రొయ్యకి విషం. నీళ్లలో ఉండే కొన్ని రకాల బ్యాక్టీరియా ఆ అమ్మోనియాని తిని తమ ఒళ్లు పెంచుకుంటాయి. కానీ వాటికి ఒక్క నత్రజని చాలదు, పిండి పదార్థమో చక్కెరో కావాల. బెల్లం ఇచ్చేది ఆ చక్కెర. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త యోరామ్ అవ్నిమెలెక్ 1999లో ఈ లెక్కని కాగితం మీద పెట్టాడు. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని బ్యాక్టీరియా ఒంట్లోకి ఎక్కించాలంటే సుమారు 20 గ్రాముల పిండి పదార్థం కావాల. బయోఫ్లాక్ అని మనం వింటన్న పద్ధతికి పునాది ఇదే.

ఇప్పుడు మన చెరువుకి లెక్క వేద్దాం. రోజుకి 40 కిలోల మేత, అందులో ప్రోటీన్ 35 శాతం అనుకోండి. అంటే 14 కిలోల ప్రోటీన్. ప్రోటీన్‌లో నత్రజని 16 శాతం, కాబట్టి 2.24 కిలోల నత్రజని. అందులో సగం అమ్మోనియాగా నీళ్లలోకి వచ్చిందనుకుంటే 1.1 కిలో. దాన్ని 20తో గుణిస్తే 22 కిలోల చక్కెర. బెల్లంలో చక్కెర 80 శాతం అనుకుంటే రోజుకి 27, 28 కిలోల బెల్లం. అదీ ఒక్క రోజుకి!

మరి మనోళ్లు వారానికి ఒకసారో రెండుసార్లో అయిదు, పది కిలోల బెల్లం జ్యూస్ పోసి 'అమ్మోనియా తగ్గిపోద్ది' అనుకుంటే ఎలాగ? ఆ జ్యూస్ చేసే పని వేరు. అందులో బ్యాక్టీరియా పెరిగి చెరువులోకి దిగుతాది, పులిసిన తవుడు చిన్న చిన్న జీవులకి మేతవుతాది, వాటిని రొయ్యపిల్ల తింటాది. థాయ్‌లాండ్‌లో పులియబెట్టిన తవుడుతో ఒక సాగు పద్ధతే నడుస్తంది. అది మంచిదే. కానీ అమ్మోనియా నిజంగా ఎక్కువైనప్పుడు ఆ పది కిలోల బెల్లాన్ని నమ్ముకుని మేత తగ్గించకుండా ఊరుకుంటే పంట పోతాది.

పోనీ 28 కిలోలూ పోసేద్దాం అంటారా? అక్కడ ఇంకో ప్రమాదం ఉంది. చక్కెర దొరికితే బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరుగుతాది. పెరిగిందంటే ఊపిరి పీలుస్తాది. చెరువులో ప్రాణవాయువు తెల్లవారుజామున ఎలాగూ తక్కువే. అప్పుడు కరెంటు పోయి ఏరేటర్ ఆగిందంటే రొయ్య నీటి పైకి వచ్చి తేలిపోతాది. బయోఫ్లాక్ చేసేవాళ్లు అందుకే ఏరేటర్ల మీద, జనరేటర్ మీద ముందు డబ్బు పెట్టి, ఆ తర్వాతే బెల్లం కొంటారు.

బెల్లంలో కూడా ఏ బెల్లం అన్నది ఉంది. పసుపుపచ్చగా మెరిసే బెల్లానికి మార్కెట్లో రేటెక్కువ. ఆ మెరుపు కోసం హైడ్రోస్ కలుపుతారన్నది ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన గొడవ. హైడ్రోస్ వల్ల మిగిలే గంధకపు పదార్థాలు సూక్ష్మజీవుల్ని అణిచే రకం. సూక్ష్మజీవుల్ని పెంచడానికి పెట్టిన డ్రమ్ములో అవి ఎందుకు? చెరువుకి రంగు వెయ్యని ముదురు బెల్లమే సరిపోతాది, రేటు కూడా తక్కువ. కానీ నల్లబెల్లం అంటే నాటుసారా బట్టీకి పోతాదని ఎక్సైజు వాళ్ల కన్ను. చెరువుకి కొనే రైతుకి, బట్టీకి కొనేవాడికి తేడా చూపించే కాగితం ఒకటుంటే ఈ సరుకుకి దొడ్డిదారి తప్పి రాజమార్గం వస్తాది.

రొయ్యకి టీకా లేదు, అందుకే డబ్బాకి గిరాకీ

ఈ మొక్కల సారాలకి ఇంత గిరాకీ ఎందుకొచ్చిందో కూడా చూడాల. మనిషికి, కోడికి ఒకసారి జబ్బు చేస్తే ఒళ్లు దాన్ని గుర్తుపెట్టుకుంటాది. దానికి తగ్గ యాంటీబాడీలు తయారుచేసుకుంటాది. టీకా పనిచేసేది అందుకే. రొయ్యకి యాంటీబాడీలు లేవు. దానికున్నది పుట్టుకతో వచ్చిన రక్షణ ఒక్కటే. రక్తంలో తిరిగే కణాలు, పెంకు, పేగు, లివర్ అని మనం పిలిచే హెపటోపాంక్రియాస్. కాబట్టి పేగుని, లివర్‌ని కాపాడుకోవడమే రొయ్యకి వైద్యం.

1994-95 ప్రాంతంలో వైట్ స్పాట్ వచ్చి టైగర్ రొయ్యని ఊడ్చేసింది. ఆ భయంలోంచి మందుల అలవాటు, యాంటీబయాటిక్ అలవాటు పెరిగింది. ఆ అవశేషాలు యూరప్ పరీక్షల్లో దొరికి కంటైనర్లు వెనక్కొచ్చాయి. 2009లో వనామీకి అనుమతి వచ్చాక మళ్లీ ఊపు వచ్చింది, దానితోపాటు కొత్త జబ్బులూ వచ్చాయి. ఈహెచ్‌పీ, వైట్ ఫీకల్, విబ్రియో. 2016లో యూరప్ మన రొయ్య కంటైనర్లలో పరీక్షించే వాటాని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. ఇప్పుడు ఇంకో తేదీ ఉంది. పెరుగుదల కోసం యాంటీబయాటిక్స్ వాడలేదని రుజువు చూపించాలన్న ఐరోపా సమాఖ్య నిబంధనకి పెట్టిన తేదీ 2026 సెప్టెంబరు 3.

యాంటీబయాటిక్ వాడకూడదు, జబ్బు మాత్రం ఆగలేదు. ఆ ఖాళీలోకి హెర్బల్ వచ్చింది. రావడం తప్పు కాదు. వెల్లుల్లిలో, పసుపులో సూక్ష్మజీవుల్ని అణిచే గుణం ఉందని ప్రయోగశాలల్లో ఎన్నోసార్లు తేలింది. తైవాన్‌లో అరటి తొక్క సారాన్ని మంచినీటి రొయ్య మేతలో కలిపి చూశారు, దాని రక్షణ శక్తి మెరుగుపడిందని రాశారు. థాయ్‌లాండ్‌లో చియాంగ్ మాయి విశ్వవిద్యాలయం వాళ్లు చెరకు పిప్పి పొడిని తిలాపియా చేపకి పెట్టి మంచి ఫలితాలు చూశారు. చెరకు పిప్పి అంటే మన దగ్గర గానుగ పొయ్యిలో కాల్చేదే! అది చేప మీద జరిగిన పని, రొయ్య మీద కాదు. చేపకి పనిచేసింది రొయ్యకి పనిచెయ్యాలని లేదు. కానీ పిప్పి మన దగ్గర ఉంది, రొయ్యా మన దగ్గరే ఉంది, ఆ ప్రయోగం చెయ్యడానికి మనకన్నా తగిన చోటు ఏది?

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాల. ఈహెచ్‌పీకి రుజువైన మందు లేదు, హెర్బల్‌లో కూడా లేదు. దానికి తెలిసిన దారి పంటకి పంటకి మధ్య చెరువుని బాగా ఎండగట్టడం, హెక్టారుకి 6 టన్నుల దాకా కాల్చిన సున్నం వేసి మట్టిలోకి కలియదున్నడం, పరీక్ష చేయించిన సీడ్ వెయ్యడం. 'వైట్ ఫీకల్ మూడు రోజుల్లో మాయం' అని ఎవరైనా డబ్బా చూపిస్తే, ఆ డబ్బులు సున్నానికి పెట్టుకోవడం మేలు.

మొక్కదైతే మంచిదేనా?

'కెమికల్ కాదు అన్నా, మొక్కదే' అనే మాట మన దగ్గర బాగా చెల్లుతాది. కానీ ఇప్ప చెక్క మొక్కదే, చేపని చంపలేదేటి?

వేప తీసుకోండి. వేపగింజలో ఉండే అజాడిరక్టిన్ పురుగుని చంపేది ఎలాగంటే, అది కుబుసం విడిచే పనిని చెడగొడతాది. రొయ్య కూడా కుబుసం విడిచే పెరుగుతాది, అదే తరహా హార్మోన్‌తో. పురుగూ రొయ్యా ఒకే పెద్ద కుటుంబం, కీళ్ల కాళ్లవి. కాబట్టి వేప అని తలకి రాసుకున్నంత తేలిగ్గా చెరువులో పొయ్యకూడదు. అదే కారణంతో పురుగుమందు అవశేషం ఉన్న ఏ మొక్క సరుకైనా రొయ్యకి గండమే. చెరకులో, మామిడిలో కొట్టిన మందు ఆకులోనో తొక్కలోనో మిగిలితే, ఆవు తిని తట్టుకుంటాదేమోగానీ రొయ్యపిల్ల తట్టుకోలేదు.

మిగిలినవాటికీ ఒక్కోదానికి ఒక్కో తంటా ఉంది. వేరుశనగ చెక్కకి బూజు పడితే అఫ్లాటాక్సిన్ వస్తాది, అది రొయ్య లివర్ మీద పడతాది. పత్తి గింజల చెక్కలో గాసిపాల్. పచ్చి సోయాలో ప్రోటీన్ అరగనివ్వని పదార్థం. మామిడి టెంకలో, జీడిగింజ పొట్టులో వగరు, అదే టానిన్. తవుడు మిల్లు నుంచి వచ్చిన కొద్ది రోజులకే కనరెక్కుతాది, పైగా అందులో భాస్వరాన్ని కట్టిపడేసే ఫైటేట్ ఉంటాది. వేడి చెయ్యడం, పులియబెట్టడం, నూనె తియ్యడం ఎందుకంటే వీటిలో కొన్నింటిని తగ్గించడానికి. తవుడు పులియబెట్టే మన అలవాటు వెనకాల సరైన కారణమే ఉంది. కానీ ఎన్ని గంటలు, ఎంత నీళ్లు, ఏ ఈస్టు అన్నది ఊరికో రకం.

ఇంకో ముప్పు. 'హెర్బల్' అన్న పేరున్నంత మాత్రాన లోపల నిషేధించిన మందు లేదని అర్థం కాదు. యాంటీబయాటిక్ లేదని పరీక్ష చేసి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ఇచ్చే సర్టిఫికెట్ ఉంటాది. డబ్బా మీద ఆ నంబరు ఉందా లేదా చూడండి. లేకపోతే ఎంత తక్కువకిచ్చినా వద్దు. పట్టుబడికి ముందు ఎంపెడా ల్యాబుల్లో చేసే పరీక్షలో అవశేషం దొరికితే, ఆ మందు ఏ పేరుతో అమ్మారన్నది ఎవరూ అడగరు. పోయేది చెరువు రైతు పేరే.

గుర్తుపట్టలేని తేడా

ఇప్పుడు డబ్బుల లెక్క. ఒక చెరువులో 4 టన్నుల రొయ్య తీశాం, ఎఫ్‌సీఆర్ 1.5 వచ్చింది అనుకోండి. అంటే 6 టన్నుల మేత. కిలో మేతకి కలిపే డబ్బా ఖర్చు 3 రూపాయలు పడితే మొత్తం 18,000. మేత కిలో 90 రూపాయలు అనుకుంటే, ఆ డబ్బా 200 కిలోల మేత మిగిల్చితేనే అసలు వచ్చినట్టు. అంటే ఎఫ్‌సీఆర్ 1.5 నుంచి 1.45కి రావాల.

0.05 తేడా! ఒకే రైతుకి చెందిన రెండు చెరువుల్లో, ఒకే సీడ్, ఒకే మేత వేసినా అంతకన్నా ఎక్కువ తేడా మామూలుగానే వస్తాది. ఒక చెరువుకి గాలి బాగా తగులుతాది, ఇంకోదానికి తగల్దు. ఒకచోట చెక్ ట్రే చూసే కుర్రాడు జాగ్రత్తగా ఉంటాడు, ఇంకోచోట ఫోన్ చూసుకుంటాడు. కాబట్టి 'పోయిన పంట కన్నా ఈ పంట బాగా వచ్చింది, ఆ డబ్బా వల్లే' అనే మాటకి రుజువు లేదు. 'వాడాను, పని చెయ్యలేదు' అనే మాటకీ లేదు. డబ్బా అమ్మేవాడి బలం ఇక్కడే ఉంది. పంట వస్తే డబ్బా గొప్ప, పోతే వాతావరణం తప్పు.

దీన్ని ఛేదించడం కష్టమేం కాదు. ఒకే చెరువులో ఎనిమిది చిన్న హాపాలు కట్టండి. ఒక్కోదాంట్లో ఒకే బరువున్న రొయ్యల్ని లెక్కపెట్టి వెయ్యండి. నాలుగింటికి మామూలు మేత, నాలుగింటికి కలిపిన మేత. ఏ హాపాకి ఏది అన్నది చీటీలు తీసి తేల్చండి. మామూలు మేతకి కూడా అదే జిగురు పట్టించి, అలాగే నీడలో ఆరబెట్టండి, లేకపోతే తేడా జిగురుదో మందుదో తెలీదు. వారానికోసారి తూకం, చివర్లో ఎన్ని బతికాయో లెక్క. ఇది మేతలో కలిపేవాటికే పనికొస్తాది. నీళ్లలో పోసే జ్యూస్ అయితే అన్ని హాపాలకీ ఒకే నీరు కాబట్టి వేరే చెరువులు కావాల. ఇంటర్ చదివిన కుర్రోడు నోట్‌బుక్కు, చిన్న త్రాసు పట్టుకుని చెయ్యగల పని ఇది.

అనకాపల్లి ఏటి చెయ్యగలదు?

గోదావరి జిల్లాలంత చెరువులు మనకి లేవు. కానీ రాంబిల్లి నుంచి పాయకరావుపేట దాకా తీరం ఉంది, ఆ తీరంలో హేచరీలున్నాయి. చెరకు మీద పరిశోధన కోసం 1913లో పుట్టిన కేంద్రం అనకాపల్లిలోనే ఉంది, బెల్లం పొడి మీదా అక్కడ పని జరిగింది. రాంబిల్లి మండలం హరిపురంలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. కాకినాడలో మత్స్య సాంకేతిక సంస్థ, చిన్న రైతుల సంఘాలు కట్టే నాక్సా ఉన్నాయి. చెన్నైలో సీబా ఉంది. సీబా వాళ్లు మన దేశపు సరుకులతో 'వనామీ ప్లస్' అనే మేతని తయారుచేశారు, చేపల మార్కెట్ వ్యర్థాలతో 'ప్లాంక్టన్ ప్లస్' తయారుచేశారు. అంటే పారేసే సరుకుని కొలిచి, పరీక్షించి, వాడదగ్గ సరుకు చెయ్యడం ఇక్కడ తెలియని విద్య కాదు. చెరకు తెలిసినవాళ్లని రొయ్య తెలిసినవాళ్లతో ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడమే కావాల.

నేను అడిగేవి మూడు. ఒకటి, చెరకు పిప్పి, మొలాసిస్, ముదురు బెల్లం, తవుడు, ఏజెన్సీ పసుపులో మిగిలే ముక్క, ఈ అయిదింటి మీద రొయ్యకి సంబంధించి ఇక్కడే ప్రయోగాలు పెట్టి, పనిచేసినా చెయ్యకపోయినా ఫలితాన్ని తెలుగులో రైతుకి చెప్పాల. పనిచెయ్యలేదని తెలిసినా లాభమే, ఆ డబ్బు మిగులుతాది.

రెండు, 2020లో రాష్ట్రం చేపల మేత నాణ్యతకి చట్టం తెచ్చింది, మేత తయారీకి, అమ్మకానికి లైసెన్సు పెట్టింది. బస్తాకి ఉన్న పట్టు చిన్న డబ్బాకీ రావాల. ఏ మొక్క, ఏ భాగం, పనిచేసే పదార్థం ఎంత శాతం, ఎన్నాళ్లలో పాడవుతాది, ఎక్కడ పరీక్షించారు, ఇవన్నీ తెలుగులో అచ్చెయ్యాల.

మూడు, చెరువుకి పోయే ముదురు బెల్లానికి రైతు సంఘం ద్వారా అమ్మకం, రసీదు ఉండాల. ఎక్సైజు వాళ్లకి లెక్క దొరుకుతాది, చెరకు రైతుకి రేటు దొరుకుతాది.

ఇందులో కుర్రాళ్లకి పనుంది. అందరూ డబ్బాలు అమ్మే టెక్నీషియన్ ఉద్యోగానికే పోనక్కర్లేదు. హాపా కట్టి, తూకం వేసి, రైతుకి నిజం చెప్పి రుసుం తీసుకునే పని కూడా ఉద్యోగమే. బీఎస్సీ ఫిషరీసో, డిప్లొమానో చదివి ఊళ్లో ఖాళీగా ఉన్న పదిమంది కలిస్తే ఒక మండలానికి అలాంటి సంఘం సరిపోతాది. వాళ్ల జీతం డబ్బా కంపెనీ ఇవ్వకూడదు, అదొక్కటే షరతు.

బెల్లం దిమ్మని మార్కెట్ యార్డులో తూకం వెయ్యకుండా ఎవరూ కొనరు. గ్రాము తేడా వస్తే గొడవ పెట్టుకునే జనం మనం. అదే మనిషి చెరువు గట్టు మీదకెళ్లి, లోపలేముందో రాయని డబ్బాని, ఎంత లాభమో కొలవని డబ్బాని అప్పు మీద కొంటన్నాడు. ఈసారి డీలరు ఆకుపచ్చ డబ్బా చేతికిస్తే ఒక్క ప్రశ్న అడగండి: 'దీన్ని ఏ చెరువులో, దేనితో పోల్చి చూశారు?' జవాబు కాగితం మీద వస్తే కొనండి. నోటితో వస్తే డబ్బా వెనక్కిచ్చెయ్యండి.